తొడకు తగిలితే తప్పు

బిస్లీలో ఆ జూలై అంతా వాన.
ఇసకనేల తాగినంత తాగి, ఇక నావల్ల కాదన్నట్టు
హెదర్ పొదల మొదట్లో నీళ్లు వదిలేసింది.
దేశదేశాల గురికాళ్లు గుడారాల్లో కూచుని
నూనెగుడ్డతో తుపాకులు తుడుస్తూ
మబ్బుని తలో భాషలో తిట్టారు.

ఎనోక్ పెల్లింగ్‌కి పద్నాలుగేళ్లు.
వాడికి పోటీలతో పనిలేదు, లేడితోనే పని.
రోజుకి రెండు షిల్లింగులు, మధ్యాహ్నం రొట్టె, జున్ను;
చేతిలో జిగురు డబ్బా,
జేబులో గోధుమరంగు కాగితం ముక్కలు, గోరంత గోరంత.

లేడి అంటే
పట్టాల మీద చక్రాల బండి,
బండి మీద రంగేసిన చెక్క.
మట్టిగోడ చాటున ఇద్దరు తాడు లాగితే
ఇరవై ఐదు గజాల ఖాళీలోకి దూకి
నాలుగు సెకన్లు పరుగెత్తి
అవతలి గోడ వెనక దాక్కుంటుంది.
ఆ నాలుగు సెకన్లే దాని ఆయుష్షు.
రోజుకి రెండొందల సార్లు.

గుండె దగ్గర వలయాలు, లోపలిదానికి నాలుగు మార్కులు.
తొడకు తగిలితే మాత్రం తప్పు. ఉన్నవీ కోస్తారు.
వేటగాడి మర్యాదట:
చంపితే చంపు, కుంటిదాన్ని చేసి వదలకు.

తాడు లాగే గాడ్‌ఫ్రీ స్కిల్టన్ ఇది విన్నప్పుడల్లా నవ్వేవాడు.
అతని ఎడమ తొడలో ట్రాన్స్‌వాల్ సీసం
వాన ముందు సలుపుతుంది.
"నన్ను కొట్టినోడికి ఎన్ని కోశారో
కాస్త కనుక్కురా అబ్బాయ్."

మనకు తెలిసిన మాయలేడి
బాణం దిగగానే మనిషి గొంతుతో అరిచింది.
ఇది అరవదు. టక్కుమంటుంది.
వాడు వంగి, బెజ్జం చూసి, జెండా ఎత్తి,
కాగితం అంటించి, బొటనవేలితో అదిమి,
"కానీ" అంటాడు.

నాలుగో రోజు, చీకటి పడేవేళ, ఆఖరి గుండు.
కాల్చింది ఓ మంచుదేశపు గడ్డం పెద్దాయన;
ఎనోక్ అతని మొహం చూడలేదు,
వాడు ఎవరి మొహమూ చూడలేదు.
గోడ చాటువాడికి మనుషులంటే బెజ్జాలే.
ఈ బెజ్జం సరిగ్గా గీత మీద ఉంది:
అటు డొక్క, ఇటు తొడ.
స్కిల్టన్ కేసి చూశాడు.
స్కిల్టన్ బూటు తాడు కట్టుకుంటున్నాడు, అంతకుముందే కట్టుకున్న తాడు.

ఎర్రజెండా తడిసి బరువెక్కింది.
ఎత్తాడు.

గోడ అవతల గొడుగుల కింద గొణుగుడు,
ఎవరివో చప్పట్లు, అవీ ఆగిపోయాయి.
కాసేపటికి బురదలో అడుగులు.
పెద్దాయన తడి గడ్డంతో వచ్చి లేడి ముందు గొంతుక్కూచున్నాడు.
చిటికెనవేలు బెజ్జంలో పెట్టి
డాక్టరులా చాలాసేపు ఉంచాడు.
ఏదో అన్నాడు.
ఒక్క మాటే. వాళ్ల భాషలో.

అది "తొడ" అయివుండొచ్చు. "దొంగ" అయివుండొచ్చు.
ఎనోక్ ఆ రాత్రి వాళ్లమ్మకి ఆ శబ్దాన్ని
పదిసార్లు అని వినిపించాడు.
ఆవిడ బంగాళాదుంపలు తొక్కు తీస్తూ
"పాపం, ఆకలేసుంటుంది" అంది.

ఇదంతా నేను కల్పించుకుంటున్నాను.
నాకు దొరికింది పాత షెడ్డులో ఓ చెక్కలేడి;
రంగు గీకే కూలికి కుదిరాను, గంటకింత అని.
గుండె చోట కాగితం మీద కాగితం
అరచేతి కాయలా గట్టిపడింది.
వెనక కాలి మొదట్లో, గీత మీద,
ఒక్క బెజ్జానికి మాత్రం అతుకు లేదు.

నా చిటికెనవేలు పట్టింది.
అటూ ఇటూ తిప్పి చూశాను.
బయట వాన పట్టుకుంది,
ఇక ఈ పూటకి రంగు ఆరదు.