తీగపాకం దాకానే

పుష్యం సగమయింది.
దుప్పట్లు ఇంకా ట్రంకుపెట్టెలోంచి దిగలేదు.
నడింట్లో ఫ్యాను కిర్రు కిర్రుమంటూ తిరుగుతూనే ఉంది,
దానికీ ఈ ఏడు సెలవు దొరకలేదు.

ఊళ్ళపాళెం ఇసకదిబ్బల మీద
మావి పదకొండు ఈతచెట్లు.
మా ఆయన మాలకొండయ్య సాయంత్రం గీసి లొట్టి కడితే
తెల్లారి నేను పొయ్యి ముట్టిస్తాను.
ఇరవై రెండేళ్ళుగా అంతే.
ఆయన చెట్టుకు, నేను పొయ్యికి.
మధ్యలో చలి చేసే పని ఒకటుండేదని
అది రానప్పుడు కదా తెలిసింది.
రాత్రంతా రసాన్ని కాపలా కాసేది చలే,
లొట్టి లోపల పూసిన సున్నం ఉత్త తోడు.

ఈ ఏడు లొట్టి దించి చూస్తే
నురగ.
బుసబుసమని, తనలో తనే ఏదో గొణుక్కుంటూ.
వేలు ముంచి నాలిక్కి రాసుకున్నా. పులుపు.
"కల్లయిపోయిందే" అన్నాడాయన,
ఆస్పత్రి వరండాలో మాట్లాడినంత మెల్లగా.
రొయ్యల గుంటల కాడి కుర్రాళ్ళకు మాత్రం పండగ.
గ్లాసులు వాళ్ళే తెచ్చుకున్నారు.
"బెల్లం ఎవురిక్కావాల పిన్నీ!"

అప్పట్నించి రాత్రి రెండింటికి
ఫోన్లో కోడి కూస్తుంది మాకు.
నెత్తికి టార్చిలైటు కట్టుకుని ఆయన ఎక్కుతుంటే
కింద నేను మోకు జరిగే చప్పుడు వింటూ నిలబడతాను.
చప్పుడు ఆగితే నా ఊపిరీ ఆగుతుంది.
దూరంగా ఏరేటర్లు
ఎవరి మీదో కోపంతో నీళ్ళు చిలుకుతుంటాయి.
సముద్రం వైపు నుంచి గాలి,
తడిగా, వెచ్చగా, మెడ మీద ఎవరో ఊపిరి వదిలినట్టు.
మామిడిపూత వాసన అప్పుడే అందులో.
నీకేం తొందరమ్మా, అనుకుంటాను.

సరుగుడాకు మంట ఒక్క ఊపున లేస్తుంది,
ఒక్క ఊపున పడుతుంది, కుదురు లేదు దానికి.
బాణలిలో రసం రంగు దిగుతుంది:
బియ్యం కడుగు, పలచని టీ,
ఆ తర్వాత కొత్త చింతపండు.
గరిటె ఎత్తితే తీగ,
సన్నగా, తెగకుండా, నిప్పు వెలుగులో.
ఇంకాస్తసేపు. ఇంకాస్త.
గిన్నెడు నీళ్ళలో చుక్క వేశాను.
ఉండ కట్టాలి, గోడకేసి కొడితే టంగుమనాలి.
పరుచుకుంది.
మళ్ళీ వేశాను.
పరుచుకుంది.
మాడు వాసన రాకముందే దించేశాను.

తడిపి పెట్టిన కొబ్బరిచిప్పలు ఇరవై నాలుగు
నోళ్ళు తెరుచుకుని అట్లాగే ఉన్నాయి.

సింగరాయకొండలో కొట్టు రంగనాయకులు
సీసా వంచి, నిలబెట్టి, మళ్ళీ వంచి
"తేనె కాదు, బెల్లం కాదు,
ఏ రేటు కింద రాసుకోనమ్మా దీన్ని?" అన్నాడు.
రాసుకోలేదు.

మా అత్త వెంగమ్మకు మిగిలినవి మూడు పళ్ళు.
అట్టు ముక్క అందులో అద్దుకుని
కళ్ళు మూసుకుంది.
"ఇన్నేళ్ళూ రాళ్ళు పెట్టారే నాకు,
ఈ పని ముందే చేసుండకూడదూ!"
నవ్వాను.
నవ్వి, బాణలి తోమడానికి బయటికొచ్చి
తోమకుండానే కాసేపు కూచున్నాను.

దక్షిణం పక్క చెట్టుకు
ఏటికొక గాటు, ఈ పక్కొకటి ఆ పక్కొకటి.
కిందనుంచి లెక్కబెడితే మా కాపురం వస్తుంది.
ఈ ఏటి గాటూ అన్నిటిలాగే ఉంది, అంతే లోతు.
రేపెవరైనా వచ్చి వేలు పెట్టి చూసినా
ఇది చలి రాని ఏడని
దాంట్లో ఎక్కడా ఉండదు.

అందుకే గూట్లో ఒక సీసా దాచాను.
పాత టానిక్ సీసా, నిండా నల్లటి పాకం.
వంచితే ఎక్కడికీ పోయేది లేనట్టు కదులుతుంది.
మూత మీద మా పాప పెన్నుతో
నెల, ఏడు రాసింది.

చీమలు అప్పుడే కనుక్కున్నాయి.