నకో

వాఘమారే సారు లాతూరు నుంచి వచ్చిండు.
అంకీస దాటినంక కంకర రోడ్డు మీద
బస్సు దింపిపోతే
ట్రంకుపెట్టె మీద కూసొని అరగంట
ఎవరినీ ఏమీ అడగలేదట.
నోట్ల మాట ఉన్నది, దాన్ని పట్టే చెవి లేదు.

బోర్డు మరాఠీ, పుస్తకం మరాఠీ,
గోడమీది ఎక్కాలు మరాఠీ.
పిల్లలు ఒక్కటే తెలుగు.
నేను ఖిచిడీ వండే రాజుబాయిని.
నాకు రెండూ వస్తయి గని
పొయ్యికాడి దాన్ని ఎవరడుగుతరు?

సారు చదువుతడు, వాళ్ళు తిరిగి అంటరు.
మళ్ళ చదువుతడు, మళ్ళ అంటరు.
రేకుల మీద వాన.
చప్పుడు మస్తు, లోపలికి చుక్క దిగదు.
"చలా, చలా" అని తొందర పెడితే
చాలు చాలన్నడనుకొని పలకలు దించిన్రు.
"పాణీ" అంటే పని అనుకొని
సడవలి పొరక పట్టుకొచ్చింది.
సారుకు కోపమొచ్చింది.
అదొక్కటి మాత్రం అందరికీ అర్థమైంది.

ఆ శుక్రవారం నాకు జరం.
వండి, గోడకానుకొని ఒరిగిన.
గంటె సారే పట్టిండు.
ఓదెలు, ఏడేండ్ల పోరడు,
పొద్దున గంజిచుక్క తాగి రాలే,
పళ్ళెం చాపి "నాకో గంటె సారూ" అన్నడు.
సారు చెవిల "నకో" ఒక్కటే పడ్డది.
నకో అంటే వద్దు.
పోనీలే బిడ్డా అన్నట్టు తల నిమిరి
పక్క పళ్ళెంల పోసిండు.
వాడు ఇంకింత గట్టిగ, "నాకో!"
ఆయన ఇంకింత మెత్తగ, "బరం, బరం."
గిన్నె అడుగు తేలింది.
వాని కండ్లు నిండినయి.

లేచిన నేను, గోడ పట్టుకొని.
"సారూ, వాడు వద్దంటలేడు.
మలా అంటున్నడు. మలా!"

ఆ మనిషి అక్కడే మట్టిల కూలబడ్డడు.
తన డబ్బల జొన్నరొట్టె తెచ్చి తుంచి
పెద్ద ముక్క వాని చేతిల పెట్టిండు.
చిన్నదాన్ని తన రొమ్ముకు ఆనించుకొని
నా దిక్కు చూసిండు.
"నాకు" అన్న నేను.
"నాకు" అన్నడు, మందు మింగినట్టు.
ఓదెలు నోటినిండ రొట్టెతోని
"మలా" అన్నడు.
ఎవరూ చెప్పలే వానికి. విన్నడు, అంతే.

అప్పటికెళ్ళి పుస్తకం బీరువల పడ్డదని కాదు,
తనిఖీలోళ్ళొస్తే తీయాలె గద.
గని గంట కొట్టకముందే వంటకాడికి వస్తడు,
ఎనక పిల్లలు.
ఉల్లిగడ్డ చూపి పేరడుగుతడు.
చెప్తే పోతది, కొయ్యాలె అంట నేను.
కండ్లు మండినంక ఏ మాటా మర్సిపోదు.
వాళ్ళు కాందా అనుకుంట కోస్తరు,
ఆయన ఉల్లిగడ్డ అనుకుంట ముక్కు తుడుసుకుంటడు.

ఒకనాడు "పాలు పొయ్యాల్నా?" అంటే
చాయ్ గ్లాసు ఇడిసి ఎగిరిండు.
వాళ్ళ దిక్కు పాల్ అంటే బల్లి.
నెల రోజులు ఏ బల్లి కనబడ్డా
"సారూ, మీ చాయ్‌లకు!" అని సడవలి.
అయినా మళ్ళ మళ్ళ తప్పు పలుకుతడు.
కావాలనే అని నా అనుమానం.
సారే తప్పినంక
పిల్లలకు తప్పుడంటే భయమేముంటది?

సిరొంచల ట్రైనింగు పెట్టి
నలుగురికి నీ పద్ధతి చెప్పుమన్నరట.
ఏం చెప్పాలె రాజుబాయీ అని వచ్చిండు,
వంకర తెలుగుల, కాయితం పట్టుకొని.
ఆకలేసినోని మాట ముందుగాల్ల ఇనుమను అన్న.
రాసుకున్నడు. రాసుకొని ఆగి,
"ఆకలి"ని మరాఠీల ఏమంటరు
అని నన్నే అడిగిండు!
భూక్, సారూ. భూక్.

ఇప్పుడు శుక్రవారం గంటె ఆయనదే.
సొరకాయ పడ్డనాడు
ఓదెలు పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టి
చక్కటి మరాఠీల "నకో" అంటడు.
"నాకో అన్నవు గద" అని
సారు రెండు గంటెలు పోస్తడు.