చేతిలో నలభై ఒకటి

మిష్కోల్త్స్ ఊరి పాత దస్త్రాల గదిలో
రేడియేటరు దగ్గుతోంది.
బల్ల మీద ఒక రొట్టెల బట్టీ చిట్టా.
అట్ట మీద పిండి మరక
ఎనభై ఏళ్లుగా తెల్లగానే ఉంది.
1946 జూలై. పేజీని అడ్డంగా తిప్పి రాశారు,
నిలువు కాగితంలో
ఒక్క రొట్టె ధర పట్టక.

ఇరవై ఏడు అంకెలు.
కోటి అనే మాట గుమ్మంలోనే
చెప్పులు విడిచి ఆగిపోతుంది.
పద్మాలూ శంఖాలూ కొంత దూరం వస్తాయి.
ఆపైన పేర్లు ఉండవు,
సున్నాలే నడుస్తాయి.

చొంగోర్, సెలవుల్లో పనికొచ్చిన కుర్రాడు,
అన్నీ స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించాడు.
మొత్తం కలిసింది. తేడా సున్నా.
"సరిపోయింది తిమేయా" అని కాఫీకి పోయాడు.

సరిపోలేదు.
సరిపోయినట్టు కనబడింది, అంతే.
ఆ గడికి పదిహేను అంకెల వరకే ఓపిక.
పదహారోదాని నుంచి
ఏం పోసినా సున్నా చేసేసి
ముఖం కడుక్కుని కూర్చుంటుంది.

కాగితం మీద మాత్రం
సున్నాల రైలు చివరి పెట్టెలో
ఇద్దరున్నారు:
ఒక నాలుగు, ఒక ఒకటి.

తిమేయా పైథాన్ తెరిచింది.
నల్లటి కిటికీ, మిణుకుమనే గీత.
దానికి పొడవంటే బెదురు లేదు.
ఎంత సంఖ్యనైనా రొట్టె కోసినట్టు కోస్తుంది,
ముప్పయ్యేసి బిట్ల ముక్కలుగా.
కుడి కొస నుంచి కూడుతూ
నిండితే ఒకటి చేతిలో ఉంచుకుని
పక్క ముక్కకు అందిస్తుంది.
రెండో తరగతి పిల్ల పలక మీద చేసేదే ఇది.
ఈ పలకకు అంచు లేదు, అంతే తేడా.
ఉందిలే, మెమరీ నిండేదాకా.

సరుకుల మొత్తం చివర: 000.
చిట్టా మొత్తం చివర: 041.

నలభై ఒక్క పెంగోలు!
ఆ జూలైలో వాటికేం వచ్చేదని అడగకండి.
వీధులూడ్చేవాళ్లు నోట్లను
రాలిన ఆకుల్లా చీపురుతో తోసిన రోజులు.
రొట్టె కాదు, రొట్టె మీది పొట్టు కాదు,
ఆ వాసన కూడా వచ్చేది కాదు.

వెనక్కి తిప్పింది.
జూన్ అడుగున 41. మే అడుగున 41.
పొద్దుటి సున్నాకు
సాయంత్రం ఇంకో సున్నా తోడొచ్చిన నెలలన్నిటి కిందా
అదే చేతిరాత, అదే వంకర నాలుగు.
పెరగలేదు, తరగలేదు.
1945 ఆగస్టులో వేరు దొరికింది:
"గొంబోష్ ఎతెల్కా, విధవ. ఏడు రొట్టెలు.
ఒక పెంగో తగ్గించి, 41. అప్పు."

కింద గుమాస్తా సంతకం: అరాంకా.
పద్దెనిమిదేళ్లుంటాయేమో,
అక్షరాలింకా బడి వాసన వేస్తున్నాయి.
వసూలవుతుందనుకుందో,
కొట్టేసే హక్కు తనది కాదనుకుందో,
ఎతెల్కా మళ్లీ రాలేదని దిగులుపడిందో
చిట్టా చెప్పదు.
నెల నెలా చేతిలో ఉంచుకుని
పక్క పేజీకి అందించింది.
పక్క పేజీ తీసుకుంది.

చొంగోర్ కాఫీ వాసనతో వచ్చి వంగి చూశాడు.
"ఆగస్టు ఒకటిన కొత్త డబ్బు వచ్చింది కదా,
ఫోరింట్లలో ఎంతవుతుంది?"

నాలుగు, దాని పక్కన ఇరవై తొమ్మిది సున్నాలు.
తిమేయా దానితో భాగించింది.
పూర్ణాంకాల్లో జవాబు: సున్నా.
చొంగోర్ నవ్వాడు.
ఆమె నవ్వలేదు. భిన్నంగా ఇవ్వమంది.

పైన 41 వచ్చింది.
కింద ఆ పొడుగాటి సున్నాల బారు.
పైకీ కిందికీ కొట్టేసుకోవడానికి
ఉమ్మడిగా ఏమీ లేదు.
అది ఉన్నదున్నట్టు నిలబడింది తెర మీద,
తెరిచిన తలుపు దగ్గర
చిల్లర పట్టుకుని నిలబడ్డ మనిషిలా.

జూలై ముప్పై ఒకటి. ఆఖరి పేజీ.
అడుగున, గీత కింద, నలభై ఒకటి.
దాని పక్కన అరాంకా రాసింది:
"తరువాయి."

తరువాయి పేజీలో
ఎవరో పెన్సిల్‌తో పిల్లి బొమ్మ గీశారు.