పుత్తూరుకు ఎంతసేపు

గౌహతిలో తెల్లారి ఆరింటికి ఎక్కినానండి,
అనింది వనజాక్షి టీచరు,
ఎడమచేతిని కుడిచేత్తో
నిద్రపోయిన బిడ్డ మాదిరి ఎత్తిపట్టుకోని.
హైదరాబాదులో దిగి, ఇంకోటి ఎక్కి,
రేణిగుంటలో కాలు పెట్టేసరికి ఒంటిగంట.
రెండువేల చిల్లర కిలోమీటర్లు.
గాల్లో ఉండింది నాలుగుంపావు గంట.
లెక్కలు చెప్పే మనిషి కదా, ఒక్క నిమిషం కింద పడనీలేదు.

రేణిగుంట నుంచి ఈడికి మాత్రం రెండు గంటలంట.
ఒకచోట చెరుకు ట్రాక్టరు అడ్డం పడింది,
ఇంకోచోట గేటు పడింది.
గూడ్సుబండికి ఎన్ని పెట్టెలో అదీ చెప్పింది:
యాభై ఎనిమిది.

నేను వెదురు చీలుస్తా వింటా ఉండా.
గుడ్డుసొన గిలక్కొట్టే పిల్లోడు
విమానం మాట వినపడినాక గిన్నె మరిచిపోయినాడు.
ఎక్స్‌రే తీసుకోని వాకిట్లో ఎండకు ఎత్తితి.
మణికట్టుకు కాస్త పైన
వెంట్రుక పట్టేంత సందు.

ఎన్నాళ్లు పడుతుందండి?
నలభై ఐదు దినాలు తల్లీ.
ఇంత సందుకా?
ఇంత సందుకే.

ఆమె నవ్వలేదు. లెక్క వేసుకుంటా ఉండాదేమో,
వెంట్రుకను నలభై ఐదుతో భాగిస్తే
ఎముక దినానికి ఎంత నడవాలో.
అది చీకట్లో నడస్తాది,
మనిషి నిద్రపోయినపుడు ఇంకా జాస్తి నడస్తాదని
మా నాయన అంటా ఉండె.

మూడో చుట్టు చుట్టేటప్పుడు అడిగింది:
మా నాన్న తాటిచెట్టు మీంచి పడితే
కాలు కట్టింది మీరేనా? తొంభైనాలుగులో.
సన్నగా ఉంటాడని చెప్పేవాడు, చెవికి పోగు.

నా చెయ్యి నిలబడిపోయింది.
నూర్రూపాయల కమీషనుకు
ఆటోవాడు ఈ పక్కకు తిప్పినాడని చెప్పేదెట్లా?
చెవిపోగు మా అన్నది.
రోడ్డుకు ఆ పక్క రేకులషెడ్డు,
మా బోర్డు మీదుండే అక్షరాలే, అదే పచ్చరంగు,
ముందర 'అసలైన' అని ఒక మాట ఎక్కువ.
మరుసటి నెలకే నేనూ రాయించినాలే.

ముడి వేసినా. నెత్తురు ఆగేంత బిగువు లేదు,
జారిపోయేంత వదులూ లేదు.
ఆయన నేర్పించిన ముడే.

రెండో కట్టు పదైదో దినం, అంటి.
అప్పుడు ఆ ఎదురుగా కట్టించుకో.
మీ నాయన కాలు పట్టిన చెయ్యి ఆడుండాది.

ఎంత దూరమండి అని ఫోను తీసింది, అలవాటు కొద్దీ.
పద్దెనిమిది అడుగులు.

ఎంతసేపు పడుతుందని అడగలేదు, మేలు.
పదకొండేండ్లుగా
నేను ఈ గట్టునే ఉండా.

తిరుత్తణి బస్సు నడుమ పోయింది.
దుమ్ము తగ్గినాక చూస్తే
ఆడ ఆయన కూడా
ఎవరిదో ఎక్స్‌రే ఎండకు ఎత్తిపట్టుకోని ఉండాడు.