తాళంకప్ప

అషైమాన్ సందు చివర
ఒకప్పుడు చేపల్ని గడ్డకట్టించిన గిడ్డంగి.
ఇప్పుడు గోడ మీద నీలిరంగులో
'బంగారు బూటు ఫుట్‌బాల్ అకాడమీ'.
రంగు కొత్తది. వాసన పాతదే.

నా చేతిలో ఇరవై ఏడు గడుల ఫారం,
సంచిలో లక్క, ఎర్ర టేపు, సర్కారు ముద్ర.
హర్మటాన్ దుమ్ముకి కళ్ళద్దాలు తుడుచుకుంటూ
లెక్క మొదలుపెట్టాను.

పరుపులు: ఏడు.
పిల్లలు: పందొమ్మిది.
"గోల్ కొట్టినవాడికి ఆ రాత్రి పరుపు, మేడమ్"
అన్నాడొకడు, అదేదో మంచి పద్ధతైనట్టు.
ఒక్క క్షణం నాకూ మంచిదే అనిపించింది.
అది రాసుకోలేదు.

నీళ్ళు: మంగళవారం, శుక్రవారం.
డాక్టరు: గోడ మీద ఒక ఫోన్ నంబరు.
మోగించాను. టైర్ల కొట్టువాడు ఎత్తాడు.

వయసు గడి దగ్గర ఆగిపోయాను.
వుంపిని, మోకాలికి గుడ్డకట్టు,
తమాలే అవతల కందగడ్డలు పండించే ఊరివాడు.
"ఎన్నేళ్ళు నీకు?"
"ఏది కావాలి మేడమ్?
అమ్మ చెప్పింది పదమూడు.
టోర్నమెంటుకి పదకొండు.
వీసాకి పద్దెనిమిది."
వెక్కిరింత కాదు.
అడిగిన సరుకు అందించే కొట్టుకుర్రాడి వినయం.

ఒప్పందం చూపించమంటే
బిస్కెట్ల డబ్బాలోంచి తీశారు,
పాస్‌పోర్టుల అడుగు నుంచి.
తొమ్మిది పేజీల ఇంగ్లీషు చివర ఒక తండ్రి వేలిముద్ర.
ఆ ముద్రకి అడ్డంగా తెగిన గీత,
పారో కత్తో ఎప్పుడు తగిలిందో.
రెండు ఎడ్లు అమ్మి చేర్పించాడట.
కాగితంలో ఆయన పేరు 'రెండవ పక్షం'.

అప్పటికి నా కోపం తయారుగా ఉంది.
కోచ్ అడోటే కుడికాలు ఈడ్చుకుంటూ వచ్చాక
అది కొంచెం తడబడింది.
పదహారేళ్ళప్పుడు ఇస్తాంబుల్ బస్టాండులో
ఏజెంటు తనని బెంచీ మీద కూర్చోబెట్టి
టీ తెస్తానని వెళ్ళాడట.
"ఇప్పటికీ టీ ముట్టను" అన్నాడు.
మరి తెలిసి తెలిసి ఎందుకయ్యా ఈ పని?
"ఆట తప్ప నాకింకేం వచ్చు?"

వెనక వాకిట్లో డెడే ఆంటీ కెంకే ఆకులు విప్పుతోంది.
మూడు నెలల బాకీ, గోడ నిండా బొగ్గుగీతలు.
"మూసేస్తే మూసెయ్యి తల్లీ,
రాత్రికి వీళ్ళంతా నీ ఇంటికే కదా?
షిటో కాస్త ఎక్కువ వెయ్యి, గొడవ చెయ్యరు."

నేను నవ్వబోయాను.
అంతలో వరస చివరి పిల్లాడు
"నన్ను గుర్తుపట్టారా మేడమ్?
పోయినేడు తెమాలో మా అకాడమీకి సీలు వేసినప్పుడు
బంతి నాకిచ్చి వెళ్ళమన్నారు."

బంతి గుర్తుంది.
ఎక్కడికి వెళ్ళమన్నానో గుర్తులేదు.

ముద్ర వేసే చోటు ఫారంలో ఉంది.
ముద్ర వేశాక పిల్లల్ని పెట్టే చోటు
ముందూ వెనకా తిప్పి చూశాను, లేదు.

తలుపు గడియ మాత్రం బయటివైపు.
"రాత్రుళ్ళు దొంగల భయం" అన్నాడు అడోటే.
ఏం దొంగిలిస్తారు, ఏడు పరుపులా?
అనలేదు. వినలేనట్టు అతనూ తల దించుకున్నాడు.

అరవై రోజుల గడువు రాశాను.
పాస్‌పోర్టులు ఎవరివి వాళ్ళ చేతికి ఇప్పించాను.
వుంపిని తన ఫోటోని వేలితో ఒకసారి తుడిచి
లాగులో దోపుకున్నాడు.
తలుపుకి వేలాడే తాళంకప్పని
చెవితో సహా సంచిలో వేసుకుని
రసీదు ఇచ్చాను: తాళం ఒకటి.
అది తప్పో ఒప్పో మా ఆఫీసు తేలుస్తుంది.
బజార్లో తాళాలు బోలెడు, అదీ తెలుసు.

తిరుగు ప్రయాణం, కిక్కిరిసిన ట్రోట్రో.
గుంత వచ్చినప్పుడల్లా
ఒళ్ళోని సంచిలో కప్ప ఎగిరి పడుతోంది.
"లోపలేముందమ్మా," పక్కావిడ జరిగి కూర్చుంది,
"ప్రాణమున్నదేనా?"