కళ్ళు మూసుకోమంది

"అందరూ కళ్ళు మూసుకోండి" అంది నిస్సీ, మొదటి గురువారం.
పదకొండు మందిమి. ఎవరూ ఉలకలేదు, పలకలేదు.
తర్వాత మస్తాన్‌బీ నవ్వింది.
ఆ నవ్వు కుర్చీ కుర్చీ దాటుకుంటా
నా దాకా వచ్చేసరికి పొట్ట పట్టుకోవాల్సొచ్చింది.
ఒంగోలు నుంచి బస్సులో నిలబడి వచ్చిన పిల్ల, పాపం,
గొంతు ఎర్రబడింది.
గొంతు ఎర్రబడితే మాకు తెలుస్తుంది.

నేను టంగుటూరు షెడ్లలో
ముప్పై ఏళ్ళు పొగాకు గ్రేడింగు చేసినదాన్ని.
చూపు మసకేసినాక కూడా రెండు సీజన్లు
మేస్త్రీకి తెలీకుండా నెట్టుకొచ్చా.
అడుగాకు పల్చన, నడుమాకు జిగురు,
కొసాకు బరుసు.
వేళ్ళు చెప్పేవి, నేను కట్టలు వేసేదాన్ని.
నీటికాసులు రెండు దీపాల్నీ
వంతులేసుకుని ఆర్పేసినాయి.
ఏడేళ్ళుగా చేతులకి పనిలేదు.
పనిలేని చేతులు రాత్రిళ్ళు
దుప్పటి అంచుని గ్రేడు చేస్తంటాయి.

"ఊపిరి మీద ధ్యాస పెట్టండి" అంటుంది.
ఏం ఊపిరి తల్లీ,
ఆకు దుమ్ము తిన్న ఊపిరి,
మెట్లెక్కే ముసలి మేక లాగా ఆగి ఆగి వస్తది.
"రానీండి అవ్వా, తరమబాకండి."
డెబ్బయి మూడేళ్ళలో
తరమకుండా నన్ను రానిచ్చింది ఎవరు?

శ్రుతిపెట్టె మీట తిప్పుతుంది.
బ్యారను గొట్టాల్లో మంట పరిగెత్తే చప్పుడే అది.
కట్టెలెయ్యాల్సిన మా ఆయన కునుకు తీస్తే
ఆ చప్పుడు సన్నబడంగానే నాకు మెలకువొచ్చేది,
వేడి తగ్గిందని, ఆకు మచ్చ పడతాదని.
ఇప్పుడు లేచి చెయ్యాల్సిందేం లేదు.
అయినా వెన్ను నిటారుగా లేస్తది.
వినడం నాకు ఒకరు నేర్పాలా?
వింటా ఊరికే కూర్చోవడం మాత్రం
నేర్పాల్సిందే.

చెంచమ్మ ఎవరితోనూ మాట్లాడదు.
వచ్చిన కాడ్నించీ గోడ వైపు తిరిగి పడుకునే మనిషి.
కుర్చీలో కూర్చోబెడితే కూర్చుంటది, అంతే.
నాలుగో గురువారం నిస్సీ "సా" పట్టుకోనుంది.
సింగరాయకొండ దాటొచ్చిన రైలు కూతేసింది.
చెంచమ్మ ఆ కూతని అందుకుంది.
సా కాదు. కాస్త కింద, కాస్త పక్కన,
చిల్లి కుండలో నీళ్ళు మోసినట్టు
కారతా, కారతా.
రైలు పోయింది. చెంచమ్మ ఆపలేదు.
నిస్సీ ఆమెని సరిచెయ్యలేదు.
పెట్టె మీట చిన్నగా తిప్పి
శ్రుతినే ఆమె దగ్గరికి దించింది.

మేం కూడా ఒక్కొక్కరం దిగినాం,
దిగుడుబావిలో మెట్టు కోసం
కాలితో తడువుకుంటా.
పాట కాదది. మాట అసలే కాదు.
ఆమె చెయ్యి నా చేతిలోకి ఎప్పుడొచ్చిందో,
వేళ్ళతో చూశా:
నడుమాకు.
జిగురింకా ఉండాది.

నెల తిరిగాక ఆఫీసాయన వచ్చి
మనసెట్లా ఉందో
ఒకటి నుంచి పది లోపు అంకె చెప్పమన్నాడు.
మస్తాన్‌బీ పదకొండు అంది.
నన్ను అడగబాకండి అన్నా.
ముందు రాత్రి కూడా నిద్ర పట్టలా,
అబద్ధమెందుకు.
కాకపోతే ఫ్యాను ఒక శ్రుతిలో తిరగతా ఉంటే
మూడో మంచం మీద చెంచమ్మ గురక
దానికి కాస్త పక్కన నడస్తా ఉంది.
దుప్పటి అంచు వదిలేసి
ఆ రెంటి మధ్య సందులో
కాసేపు పడుకున్నా.