మొదటి అంగుళం లేని టేపు

పాత పోస్టాఫీసు వెనక సందులో
ఒక మేడని కొలవమన్నారు నన్ను,
కూల్చేలోగా.
పడిపోయేవాటిని కాగితం మీద నిలబెట్టడం నా ఉద్యోగం.

లేజర్ యంత్రం తెచ్చాను.
దాని ఎర్రచుక్క రంగూను టేకు దూలం మీద వాలి
రెండుసార్లు వణికింది.
ఉప్పుగాలి ఏం చేసిందో, పదింటికల్లా కన్నుమూసింది.

ఎదురుగా టైలరు షాపు.
మెడలో టేపు వేసుకుని లతీఫ్ మేస్త్రి.
"టేపా? అట్టుకెల్లమ్మా.
మొదటి అంగుళం నేదు దీనికి,
ఒకట్నించి లెక్కెట్టుకో."

నలభై ఏళ్ళు బొటనవేలి కింద నలిగి
ఆ అంగుళం
ఎవరి నడుములకో అంటుకుని వెళ్ళిపోయింది.

అరవై అంగుళాల గుడ్డపేలికతో మేడని కొలవడమంటే
మోకాళ్ళ మీద పాకడమే.
ప్రతి మోపుకీ ఒక అంగుళం తీసెయ్యాలి.
మెట్లు పదకొండు, ఏ రెండూ ఒక్క ఎత్తు కావు.
కిటికీ పైన రంగుటద్దాల అర్ధచంద్రం;
పచ్చముక్క రాలినచోట ఎవరో
సోడాసీసా అడుగు బిగించారు,
ఎండ దాన్నీ మిగతావాటితో సమానంగానే చూస్తోంది.
గోడ గీకితే నీలం. దాని కింద పసుపు.
ఇంకా కింద, జాంపండు లోపలి రంగు.
ఈ ఇంటి ఆడవాళ్ళు
గోడలకి కూడా చీరలు మార్చారు.

టీ తాగుతూ మేస్త్రి కొలతల పుస్తకం తీశాడు.
అందులో మనుషుల పేర్లు లేవు, రేవుల పేర్లున్నాయి.
ఒడెస్సా: ఛాతీ నలభై నాలుగు, ఎడమ భుజం దిగుడు.
పిరేయస్: చేతికి మూడు గుండీలు, మూడోది గొప్పకి.
యొకొహామా: మెడ పద్నాలుగు. మాట లేదు, నవ్వుతాడు.
ఓడ ఆగేది మూడు రోజులు,
మూడు రోజుల్లో సూటు.
"అనకాపిల్లి దాటి ఎల్నేదమ్మా నాను.
కానీ అన్ని దేశాల బుజాలూ నా సేతికి తెలుసు."

జెనోవా వాడొకడు కోటు తీసుకోకుండానే ఓడెక్కాడట.
ఆ కోటు అలాగే ఉంది, ఏటా వానలయ్యాక ఎండకేస్తాడు.
దాని వెడల్పు కాలరుని చూసి
కొన్నాళ్ళు కుర్రాళ్ళు నవ్వారు,
ఇప్పుడు అదే కావాలని ఫోన్లో ఫోటో తీసుకుంటున్నారు.
"ఫేసనంటే ఏటనుకున్నావు? తిరుగుటపా!"
అని కోటుని తిరగేశాడు.
కుట్టు వెనక, ఎవరికీ కనపడనిచోట,
అంగుళంన్నర గుడ్డ మడతపడి నిద్రపోతోంది.
"మనిసి ఒళ్ళు సేత్తాడు, సిక్కిపోతాడు.
గుడ్డ ఓర్సుకోవాల.
పైకి అగుపించేది బేరం,
లోపల ఒగ్గీసిందే కుట్టు."

మధురవాడలో నేను గీసే ఫ్లాట్లు గుర్తొచ్చాయి.
మంచం సరిగ్గా పడుతుంది.
జొరమొస్తే మంచం పక్కన కూర్చునే మనిషికి
చోటుండదు.

ఈ మేడ కట్టినవాడు
వీధివైపు తొమ్మిదడుగుల వరండా వదిలేశాడు.
దేనికని అడిగితే
అతను కూడా చెప్పలేకపోయేవాడేమో.
ఎండవేళ చేపలగంప దించుకున్న ఒకామె
అడగకుండానే అక్కడ కూర్చుని
కొంగుతో మెడ తుడుచుకుంటోంది.
పొందూరు నేతచీర, ఉతికి ఉతికి గాలంత పల్చన.
ఆ కూర్చోవడంలోని తీరుని
ఏ స్కేలుకి గియ్యను?

రాత్రి బొమ్మ పూర్తి చేశాను.
వరండా గోడ దగ్గర అంగుళం తీసెయ్యడం మరిచినట్టున్నాను,
ఇంటికంటే బొమ్మ కొంచెం పొడుగొచ్చింది.
రబ్బరు చేతిలోకి తీసుకుని
పక్కన పెట్టేశాను.

టేపు తిరిగివ్వబోతే
అదే టేపు నా భుజాల మీద పరిచాడు, అడగకుండానే.
"పద్నాలుగు. కుడి బుజం దిగుడు. సంచీ మోత్తావు గావాల."
పుస్తకం తెరిచి, రేవు రాయాల్సినచోట
పెన్ను ఆపాడు.
"ఏ ఊరమ్మా?"
"ఈ ఊరే."
అలాంటివాళ్ళు ఆ పుస్తకంలో ఎవరూ లేరు.
కాస్త ఆలోచించి, వంకరటింకరగా
వాల్తేరు అని రాశాడు.

జాకెట్టు ఎల్లుండి ఇస్తానన్నాడు.
ఇవ్వలేదు. పైవారం అన్నాడు.
చేతులయ్యాయట, గుండీలు మిగిలాయట.

మేడని మాత్రం
చెప్పిన రోజుకే కూల్చారు.